రేజర్ మానేశాక ఎన్నాళ్లకు వ్యాక్స్? రోజుల లెక్క, కొలత, మొదటి మూడు విడతలు

మాఘమాసం ముహూర్తాలు పెట్టుకోగానే ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి, ఒడియావాళ్ల రజో పండగ దగ్గర పడగానే రాయగడ, గుణుపురం వైపు నుంచి ఒకటే ప్రశ్న వస్తుంది: ఇన్నాళ్లూ రేజర్ వాడాం, ఇప్పుడు వ్యాక్స్‌కు మారాలంటే ఎన్ని రోజులు ఆగాలి?

పొట్టి జవాబు ఇది. వెంట్రుక చర్మం పైన 6 మిల్లీమీటర్లు పెరగాలి. అందుకు చంకల్లో రెండు మూడు వారాలు, చేతులకు దాదాపు మూడు వారాలు, కాళ్లకు మూడు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈ మధ్యలో ఒక్కసారి రేజర్ తగిలినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. వ్యాక్స్ ఏ కంపెనీది, పార్లర్ ఎంత పెద్దది అన్నవి ఆ తర్వాతి సంగతులు. ఫలితాన్ని ముందుగా తేల్చేది చివరిసారి రేజర్ పెట్టిన తేదీ. ఆ తేదీని క్యాలెండర్ మీద రాసుకోండి.

ఎందుకు ఆగాలంటే, రేజర్ వెంట్రుకను చర్మం మట్టానికి కోస్తుంది, వ్యాక్స్ దాన్ని పట్టుకుని కుదురుతో సహా లాగుతుంది. 2, 3 మిల్లీమీటర్లు ఉంటే వ్యాక్స్‌కు పట్టు దొరకదు. నొప్పి మాత్రం మిగిలి, వెంట్రుక మధ్యలో తెగిపోతుంది. ఇంకో సంగతి, వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు. రేజర్ వాడినంత కాలం ఆ తేడా మీకు కనబడదు. వ్యాక్స్ మొదలుపెట్టగానే బయటపడుతుంది. మొదటి వ్యాక్స్ రోజున కొన్ని వెంట్రుకలు ఇంకా చర్మం కిందే ఉంటాయి, అవి వారం పది రోజుల్లో పైకి వస్తాయి. "వ్యాక్స్ చేయించుకుని పది రోజులు కాలేదు, మళ్లీ వచ్చేశాయి" అని చాలామంది మానేసేది ఇక్కడే. మూడో విడత దాకా తీర్పు చెప్పకండి.

రేజర్ వల్ల వెంట్రుకలు మందంగా మారాయని, అందుకే వ్యాక్స్ పట్టదని భయపడేవాళ్లున్నారు. మందం మారదు. కోసిన కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుకుగా తగులుతుంది, అంతే.

ముందు వీళ్లు ఆగాలి

మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవారు, మానేసి ఆరు నెలలు కానివారు వ్యాక్స్ జోలికి వెళ్లకూడదు. పట్టీతో పాటు పైచర్మం లేచి వస్తుంది. ట్రెటినాయిన్, అడాపలీన్ క్రీములు రాసే చోట కనీసం వారం ముందు ఆపాలి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. తెల్లబడతారని మందుల షాపులో చీటీ లేకుండా అమ్మే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ట్యూబు మీద బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అని రాసి ఉందేమో చూడండి. నెలల తరబడి వాడి ఉంటే ఆ చర్మం ఉల్లిపొరలా పలచబడి ఉంటుంది. అక్కడ వ్యాక్స్ వద్దు. ముందు చర్మవైద్యుడిని చూడండి.

మధుమేహం ఉన్నవారు, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టాలి. కాళ్ల మీద ఉబ్బిన నరాలు, పుట్టుమచ్చలు, పుండ్లు, తామర, ఎండకు కమిలిన చోటు ఉంటే వాటిని వదిలేసి చేయాలి. లేజర్ చేయించుకునే ఆలోచన ఉంటే అసలు వ్యాక్స్‌కు మారకండి. లేజర్‌కు కుదురు లోపలే ఉండాలి, రేజరే నయం.

కావలసినవి

- చిన్న స్కేలు, మిల్లీమీటర్ల గీతలు స్పష్టంగా ఉన్నది
- వ్యాక్స్: డబ్బాది గానీ, ఇంట్లో కాచిన చక్కెర పాకం గానీ
- పట్టీలు: కొన్నవైనా, పాత కాటన్ లేదా జీన్స్ గుడ్డను 7 సెం.మీ. వెడల్పు, 20 సెం.మీ. పొడవున కత్తిరించుకున్నవైనా
- చెక్క పుల్లలు. ఒంటికి తగిలిన పుల్లను మళ్లీ డబ్బాలో ముంచకూడదు కాబట్టి ఎక్కువే ఉంచుకోండి
- వాసన లేని టాల్కం పౌడర్, శుభ్రమైన తువ్వాలు, కలబంద జెల్
- చిన్న కత్తెర, లేదా గార్డు (బ్లేడు మీద తొడిగే దువ్వెన లాంటి తొడుగు) ఉన్న ట్రిమ్మర్

ఇంట్లో కాచుకుంటే: 200 గ్రాముల చక్కెర, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, రెండు పెద్ద చెంచాల నీళ్లు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నని మంట మీద పెట్టండి. మరగడం మొదలయ్యాక 8 నుంచి 10 నిమిషాల్లో తేనె రంగుకు వస్తుంది. అరిసెలు వండే చేతికి ఈ పాకం కొత్త కాదు. చల్లని నీళ్లలో ఒక చుక్క వేస్తే ఉండ కట్టాలి, నొక్కితే సాగాలి. బరంపురం, ఛత్రపురం లాంటి చెమట ఊళ్లలో అరిసెల పాకం కన్నా ఒక్క పిసరు ముదరనివ్వండి, లేకపోతే ఒంటి మీద జారిపోతుంది. నిమ్మరసం తగ్గించకండి, అది లేకపోతే పాకం పలుకులు కట్టేస్తుంది. దించిన వెంటనే ముట్టుకోవద్దు. మరిగిన పాకం మరిగిన నీళ్ల కన్నా ఘోరంగా కాలుస్తుంది, పైగా అంటుకుని వదలదు. కనీసం అరగంట చల్లారాలి.

చేసే పద్ధతి

1. చివరి రేజర్ తేదీ నిర్ణయించుకోండి. వేడుక ఉంటే దాని నుంచి వెనక్కి లెక్కపెట్టండి, ఆ లెక్క కింద ఉంది. వేడుకేమీ లేకపోతే నవంబర్, డిసెంబర్ మంచి కాలం. పొడుగు చేతుల బట్టలు, చుడీదార్లు ఎలాగూ వేసుకుంటారు, పెరిగేది ఎవరికీ కనబడదు. చేతులు, కాళ్లు, చంకలు అన్నీ ఒకేసారి ఆపాల్సిన పని లేదు. ముందు కాళ్లతో మొదలుపెట్టి, అది కుదిరాక మిగతావి మార్చుకోండి.

2. ఆగే వారాల్లో రేజర్ ముట్టకండి. వెంట్రుకలు తీసే క్రీమ్ కూడా రేజర్ కిందే లెక్క. అదీ కుదురును వదిలేసి పైభాగాన్నే కరిగిస్తుంది. గార్డు లేని ట్రిమ్మర్ కూడా అంతే. ఎనిమిదో రోజు నుంచి పదిహేనో రోజు దాకా దురద, గరుకు ఎక్కువ, మనసు రేజర్ వైపు లాగుతుంది. ఆ వారం గడిస్తే కొసలు మెత్తబడతాయి. వారానికి రెండుసార్లు సున్నిపిండితో మెల్లగా రుద్ది స్నానం చేయండి, చర్మం కింద ఇరుక్కున్న కొసలు బయటకొస్తాయి. కోరాపుట్, జయపురం చలికి చర్మం పొడిబారితే రాత్రిళ్లు కొబ్బరినూనె పలచగా రాసుకోవచ్చు. తీరప్రాంతపు ఉక్కలో నూనె వద్దు, రంధ్రాలు మూసుకుని పొక్కులొస్తాయి. పలచని లోషన్ చాలు.

3. కొలవండి. పదిహేనో రోజు నుంచి నాలుగైదు రోజులకోసారి చూడండి. వెంట్రుకను వేలితో నిటారుగా సాగదీసి, స్కేలును చర్మానికి ఆనించాలి. ఒక్క చోట చూసి ఊరుకోవద్దు. కాలికైతే పిక్క మీద, మోకాలి కింద, చీలమండ పైన మూడు చోట్లా చూడండి, చీలమండ దగ్గర ఎదుగు ఆలస్యం. స్కేలు లేకపోతే సోనా మసూరి బియ్యపు గింజను పక్కన పెట్టండి. అది 5 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, వెంట్రుక దానికన్నా కొంచెం పొడుగుండాలి. 12 మిల్లీమీటర్లు దాటితే కత్తెరతో 8 దాకా తగ్గించుకోండి. మరీ పొడుగైతే వ్యాక్స్‌లో చిక్కుపడి నొప్పి ఎక్కువవుతుంది.

4. ఒక పట్టీతో పరీక్ష. అసలు రోజుకు ఒకటి రెండు రోజుల ముందు రెండు వేళ్ల వెడల్పు చోట వ్యాక్స్ వేసి లాగి చూడండి. రెండు సంగతులు తెలుస్తాయి: మీ చర్మానికి ఆ వ్యాక్స్ పడుతుందా లేదా, వెంట్రుక సిద్ధమైందా లేదా. పట్టీని వెలుతురులో పట్టుకోండి. వెంట్రుకల చివర చిన్న తెల్లని గుబ్బ కనబడితే కుదురుతో వచ్చినట్టు. మొద్దుగా కోసినట్టుంటే తెగినట్టు. సగానికి పైగా తెగినా, చర్మం మీదే ఉండిపోయినా ఇంకో వారం ఆగండి. 24 గంటల్లో దద్దుర్లు, విపరీతమైన దురద వస్తే ఆ వ్యాక్స్ మీకు పనికిరాదు.

5. వ్యాక్స్ రోజు. నెలసరికి ముందు రెండు మూడు రోజులు, మొదలైన రెండు రోజులు చాలామందికి నొప్పి ఎక్కువ తెలుస్తుంది. వీలుంటే తర్వాతి వారం పెట్టుకోండి. ఆ రోజు సున్నిపిండి, స్క్రబ్ వద్దు, అవి ముందురోజే ముగించాలి. సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకోండి. నూనె, లోషన్, చెమట ఏది ఉన్నా పట్టు జారుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అయితే పొద్దున్నే, ఫ్యాను కింద ఒళ్లు ఆరాక మొదలుపెట్టండి. పౌడర్ పలచగా చల్లి దులిపేయండి. తెల్లగా పూతలా పూస్తే వ్యాక్స్ పౌడర్‌నే పట్టుకుంటుంది.

6. వేడి చూసుకోండి. పుల్లతో ఎత్తితే తేనెలా జారాలి, నీళ్లలా కాదు. ముందు మణికట్టు లోపలి వైపు చిన్న చుక్క పెట్టి చూడండి. పార్లర్లో మొహమాటపడకండి, ఒడియా అక్క అయితే "బహుత్ గరమ్ అఛి" (చాలా వేడిగా ఉంది) అనండి, వెంటనే ఆపుతుంది. కోరాపుట్ చలిలో వ్యాక్స్ పుల్ల మీదే గట్టిపడిపోతుంది. అక్కడ చిన్న చిన్న భాగాలుగా చేస్తూ మధ్యమధ్య వేడి చేసుకోవాలి.

7. పూయడం, లాగడం. వెంట్రుకల వాలు ఎటుందో ఆ దిక్కుకే పలచగా పూయండి, చర్మం రంగు కనబడేంత పలచగా. పట్టీని అదే వాలున రెండు మూడుసార్లు గట్టిగా నిమరండి. ఒక చేత్తో చర్మాన్ని బిగపట్టి, రెండో చేత్తో ఎదురువాలుకు ఒక్క ఊపున లాగండి. చేయి చర్మానికి ఆనుకున్నట్టు అడ్డంగా పోవాలి, పైకి లేవకూడదు. పైకి లాగితే వెంట్రుక తెగుతుంది, చర్మం కములుతుంది. లాగిన చోట వెంటనే అరచేత్తో అదిమిపట్టండి, మంట సగం తగ్గుతుంది. మొదటిసారి పట్టీ నిండా వద్దు, 5 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. పొడవు చాలు.

8. ఒకే చోట రెండుసార్లకు మించొద్దు. మిగిలిన ఒకటీ అరా వెంట్రుకల్ని చిమటాతో (ట్వీజర్‌తో) తీయండి.

చంకల్లో వెంట్రుకలు రెండు మూడు దిక్కులకు పోతాయి. పై సగం, కింద సగం విడివిడిగా, దేని వాలుకు అది చూసి చేయాలి. చేయి తల వెనక్కి పెట్టుకుంటే చర్మం బిగుస్తుంది. మొదటిసారి సన్నని రక్తపు చుక్కలు కనబడితే కంగారు పడకండి, శుభ్రమైన గుడ్డతో అదిమితే ఆగుతాయి. బికినీ భాగం మొదటిసారి ఇంట్లో వద్దు, చేయి తిరిగినవాళ్ల దగ్గరే చేయించుకోండి.

9. తర్వాత 24 గంటలు. చక్కెర పాకం గోరువెచ్చని నీళ్లతో పోతుంది. నీళ్లకు వదలని రకమైతే నూనెతో తుడవాలి. చల్లని గుడ్డ, ఆ పైన కలబంద జెల్. వేడినీళ్ల స్నానం, గోపాల్‌పూర్ సముద్రంలో మునకలు, ఎండ, జిమ్, చంకల్లో డియోడరెంట్, బిగుతు లెగ్గింగులు ఇవన్నీ ఒక రోజు ఆగాలి. వదులు కాటన్ వేసుకోండి. మూడో రోజు నుంచి మళ్లీ వారానికి రెండుసార్లు సున్నిపిండి. లోపలికి ముడుచుకుపోయే వెంట్రుకలకు అదే మందు.

కాలితే: పట్టీ వదిలేసి, కాలిన చోటును మామూలు కుళాయి నీళ్ల ధార కింద 20 నిమిషాలు పెట్టండి. పసుపు, టూత్‌పేస్ట్, మంచుగడ్డ ఏదీ వద్దు. బొబ్బ లేస్తే చిదపకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

వేడుక ఉంటే లెక్క

మూడు విడతలు పడాలంటే చివరి రేజర్‌కూ వేడుకకూ మధ్య దాదాపు 12 వారాలు కావాలి. ఫిబ్రవరి 20న పెళ్లి అనుకుందాం. చివరి రేజర్ నవంబర్ 29. మొదటి వ్యాక్స్ డిసెంబర్ 23. రెండోది జనవరి 20. మూడోది ఫిబ్రవరి 17. పెళ్లికి ముందు మూడు రోజులు దొరుకుతాయి, ఎరుపు, పొక్కులు ఏమున్నా తగ్గిపోతాయి.

పెళ్లికూతుళ్లు ఈ వరుస తప్పొద్దు: ముందు వ్యాక్స్, ఒక రోజు ఆగి మెహందీ, ఆ తర్వాత నలుగు. మెహందీ పెట్టాక వ్యాక్స్ చేస్తే రంగు పట్టీతో లేచిపోతుంది. వ్యాక్స్ చేసిన రోజే నలుగుపిండి, పసుపు రుద్దితే తెరుచుకున్న రంధ్రాల్లో మంట, పొక్కులు. పెళ్లికూతురిని చేసే రోజు ముందుకు పడితే మూడో వ్యాక్స్‌ను కూడా అన్ని రోజులు ముందుకు జరపండి. విడతకీ విడతకీ మధ్య 28కి బదులు 25 రోజులున్నా ఫరవాలేదు.

ఏడు వారాలే ఉంటే రెండు విడతలు పడతాయి, బాగానే ఉంటుంది. నాలుగు వారాలుంటే ఒక్కటే, కొన్ని వెంట్రుకలు మిగులుతాయని తెలిసి చేయించుకోండి. మూడు వారాల కన్నా తక్కువుంటే ఇప్పుడు మారొద్దు. వేడుక రేజర్‌తోనే గడిపేసి, మర్నాటి నుంచి లెక్క మొదలుపెట్టండి. సగం పెరిగిన వెంట్రుకలతో పెళ్లికి రెండు రోజుల ముందు పార్లర్‌కు పరుగెత్తడమే అన్నిటికన్నా చెడ్డ దారి.

రజో జూన్ మధ్యలో వస్తుంది, దానికి రెండు విడతలు కావాలంటే ఏప్రిల్ చివర్లోనే రేజర్ ఆపాలి. బరంపురం ఠాకురాణి యాత్ర (అక్కడి అమ్మవారి జాతర) రెండేళ్లకోసారి కాబట్టి, యాత్ర ఉన్న ఏడు అటు యాత్ర, ఇటు వేసవి పెళ్లిళ్లు దగ్గర దగ్గరగా పడతాయి. అప్పుడు రెంటి మధ్యా రేజర్‌తో సర్దుకుందామనే ఆలోచన వస్తుంది. ఆ ఒక్కసారితో ముందు పడ్డ విడతల ఫలితం పోతుంది.

ఎక్కడ తప్పుతారు

అన్నిటికన్నా ఎక్కువ జరిగేది మధ్యలో రేజర్ పెట్టడం. మొదటి వ్యాక్స్ అయిన పన్నెండో రోజున కొత్త వెంట్రుకలు కనబడతాయి, చూడలేక గీసేస్తారు. రెండో విడత నాటికి అవి 3 మిల్లీమీటర్లే ఉంటాయి, వ్యాక్స్‌కు అందవు. మళ్లీ కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. ఏడాది గడిచినా అదే తంతు, చివరికి "నాకు వ్యాక్స్ పడదు" అనుకుంటారు. తప్పనిసరై చేతులు కనబడే బట్టలు వేసుకోవాల్సి వస్తే 6 మిల్లీమీటర్ల గార్డుతో ట్రిమ్మర్ ఆడించండి. పూర్తి నునుపు రాదు గానీ లెక్క చెడదు.

రెండోది, రోజులు లెక్కపెట్టి కొలత మర్చిపోవడం. ఇరవై రోజులు అయ్యాయి కదా అని వెళ్తారు, నెమ్మదిగా ఎదిగేవారికి అప్పటికి 4 మిల్లీమీటర్లే ఉంటుంది. రోజులు అంచనా కోసం, తేల్చేది స్కేలే.

మందంగా పూయడం ఇంకో తప్పు. వ్యాక్స్ ఎక్కువైతే పట్టీకి అంటదు, ఒంటి మీదే మిగిలిపోతుంది, దాన్ని తీయడానికి మళ్లీ మళ్లీ లాగి చర్మం కమిలిస్తారు. అలా మిగిలితే కొత్త పట్టీతో ఒకసారి ప్రయత్నించి, రాకపోతే గోరువెచ్చని నీళ్లతో కడిగేయండి.

పార్లర్లో చూడాల్సింది రెండే: పట్టీ కొత్తదా, పుల్లను మళ్లీ డబ్బాలో ముంచుతున్నారా. ముంచుతుంటే అడగండి, మానకపోతే లేచి వచ్చేయండి. పదిమంది ఒళ్లు తాకిన వ్యాక్స్ వల్ల చీము పొక్కులు రావచ్చు.

ఫలితం సరిగ్గా ఉందా?

మొదటి రోజు ఎర్రని చుక్కలు మామూలే, 24 నుంచి 48 గంటల్లో పోవాలి. రెండో మూడో రోజున చేత్తో ఎదురువాలుకు నిమరండి. గరుకుగా తగిలిందంటే వెంట్రుకలు తెగాయి, కుదురుతో రాలేదు. కారణం పొట్టి వెంట్రుకైనా కావచ్చు, పట్టీని పైకి లాగిన తీరైనా కావచ్చు. నున్నగా ఉండి, పది పన్నెండు రోజులకు సన్నని మెత్తని కొసలు కనబడితే అవి కొత్తగా పైకొచ్చినవి, వ్యాక్స్ బాగానే జరిగింది. ఈ తేడా తెలిస్తే అనవసరంగా పార్లర్‌నో, వ్యాక్స్‌నో తిట్టుకోరు.

మొదటి విడత తర్వాత రెండు వారాల నునుపు దక్కితే చాలు. రెండో విడతకు ఇంకొన్ని రోజులు పెరుగుతాయి. మూడో నాలుగో విడతకు చాలామందికి మూడు, నాలుగు వారాలు నిలుస్తుంది. అక్కడి నుంచి విడతల మధ్య ఎడం నాలుగు నుంచి ఆరు వారాలకు పెంచుకోవచ్చు.

వారం దాటినా పొక్కులు తగ్గకపోతే, చీము పడితే, ఎరుపు పాకితే, జ్వరం వస్తే చర్మవైద్యుడికి చూపించాలి. గడ్డం మీద, పై పెదవి మీద ఉన్నట్టుండి ముతక వెంట్రుకలు మొదలై, నెలసరి కూడా తప్పుతుంటే వ్యాక్స్ కన్నా ముందు స్త్రీవైద్యురాలిని కలవండి.

మూడు విడతలూ లెక్క తప్పకుండా చేసినా ప్రతిసారీ పొక్కులే వస్తుంటే, వెంట్రుకలు లోపలికే ముడుచుకుంటుంటే, మీ చర్మానికి ట్రిమ్మరే మంచిది. గార్డు పెట్టి వారానికోసారి ఆడించండి.